ఆ 24 గంటలు ఎవరికి దక్కుతున్నాయి?

హెపటైటిస్ బి ఉన్న తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకేది ఎక్కువగా కాన్పు సమయంలోనే. పెద్దవాళ్లకు కొత్తగా సోకితే నూటికి 95 మందికి పైగా కోలుకుంటారు. పసికందులకు సోకితే నూటికి 90 మందిలో అది ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. వాళ్లలో కొందరికి నడివయసులో కాలేయం గట్టిపడుతుంది, కేన్సర్ వస్తుంది. కూలి చేసి ఇల్లు నడపాల్సిన వయసులో ఆ మనిషి పసరు మందు నుంచి పెద్దాసుపత్రి దాకా తిరుగుతాడు. ఇల్లు అప్పులపాలవుతుంది.

దీన్ని అడ్డుకునే టీకా పుట్టిన 24 గంటల్లోపు పడాలి. 2011 నుంచి ఇది దేశమంతటా ఉచిత టీకాల్లో ఉంది. తల్లికి వైరస్ ఉందని తేలితే బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. 2018 జూలై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో అదీ ఉచితమే. మరి రోడ్డులేని గూడెంలో, డోలీ మోస్తున్న దారిలో కాన్పయితే? ఏఎన్ఎం టీకాల రోజు వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఆరో వారంలో వేసే పెంటావాలెంట్‌లోనూ ఈ టీకా ఉంటుంది. కానీ కాన్పులో సోకిన వైరస్ అప్పటిదాకా ఆగదు.

ఆస్పత్రికి చేరిన తల్లికి ఇంకో గోడ ఉంది. పాజిటివ్ అని తేలగానే విడిగా మంచం, ముట్టుకోవడానికి జంకు. దళిత స్త్రీకి ఈ దూరం కొత్తది కాదు, పేరే కొత్తది. ఎస్సీ, ఎస్టీలను ఆస్పత్రిలోకి రానివ్వకపోవడం 2015 సవరణతో అట్రాసిటీ నేరమైంది. లోపలికి రానిచ్చి ఇన్‌ఫెక్షన్ పేరుతో దూరం పెడితే, అది కులమా రోగభయమా తేల్చేదెవరు? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వైద్యంలో వివక్షను నిషేధించే 2017 చట్టం ఉంది. హెపటైటిస్ బికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

'తల్లి నుంచి బిడ్డకు' అనే మాటే నేరాన్ని తల్లి నెత్తిన పెడుతోంది. పరీక్ష చేయనిది, టీకా సమయానికి అందించనిది ఆమె కాదు. బిడ్డకు టీకా పడితే ఆమె నిశ్చింతగా పాలివ్వొచ్చు. ఈ మాట కూడా ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి కదా!

సంఘాలు, విద్యార్థులు సమాచార హక్కు కింద తమ పీహెచ్‌సీని రెండు లెక్కలు అడగాలి. నిరుడు ఎంతమంది పుట్టారు? ఇంటి కాన్పులతో సహా, వాళ్లలో ఎంతమందికి 24 గంటల్లోపు టీకా పడింది? ఆ రెండు అంకెల మధ్య మిగిలిన పిల్లలు ఏ వాడల వాళ్లో తెలిస్తే, పోరాటం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.