మంత్రదండం జారితే పూచీ ఎవరిది?

టోపీలోంచి పావురం, ఖాళీ పెట్టెలోంచి పూలదండ, చెవి వెనక నుంచి రూపాయి బిళ్ల... మ్యాజిక్ అనగానే గుర్తొచ్చేవి ఇవే. చూసేవాళ్లకు అది గంటసేపు వినోదం. చేసేవాళ్లకు మాత్రం నిప్పు, కత్తి, గాజు, తాడు, బరువైన పెట్టెలతో చేసే పని. పని అన్నాక ప్రమాదమూ వెన్నంటే ఉంటుంది. మరి వేదిక మీద ఏదైనా తేడా వస్తే? ముందు వరసలో కూర్చున్న పిల్లాడి మీద నిప్పురవ్వ పడితే? పెట్టెలో దూరిన సహాయకురాలి చెయ్యి నలిగితే? ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నిజామాబాద్ పక్కనే ఉన్న మాక్లూర్ లాంటి మండల కేంద్రాన్నే తీసుకోండి. బడిలో బాలల దినోత్సవమో, వినాయక మండపమో, ఇంట్లో పుట్టినరోజో... పట్నం నుంచి మెజీషియన్‌ను పిలిపించడం పెద్ద విషయమేం కాదు. అప్పుడు మాట్లాడుకునేది రెండే సంగతులు. ఎంతసేపు చేస్తారు, ఎంత తీసుకుంటారు. ప్రమాదం జరిగితే ఏంటన్న మాట ఎవరూ ఎత్తరు. శుభమా అని షో పెట్టుకుంటే అపశకునం మాటలెందుకు అనుకుంటారు.

నిజానికి పరిహారం అన్న మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1930ల్లో మొదలై 2015లో మూతపడిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో కార్మికుడి చెయ్యి యంత్రంలో పడితే పరిహారం అడగడానికి 1923 నాటి చట్టం ఉండేది. ఇంటింటా బీడీలు చుట్టే మహిళల కోసం 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. అదే గడ్డ మీద పద్మశాలీలను ఆశ్రయించుకుని సాహస విద్యలు, ఇంద్రజాలం ప్రదర్శించిన సాధనాశూరులకు మాత్రం దెబ్బ తగిలితే చూసే మనసున్న ఊరివాళ్లే దిక్కు. నేటి మెజీషియన్ సూటూ బూటూ వేసుకున్నా, ఆ విషయంలో అతడి పరిస్థితి పెద్దగా మారలేదు.

చరిత్ర చెప్పే పాఠాలు

ఇంద్రజాలంలో ప్రమాదాలు కొత్తవీ కావు, చిన్నవాళ్లకే జరిగేవీ కావు. చైనా వేషంలో చంగ్ లింగ్ సూ పేరుతో ప్రపంచమంతా తిరిగిన అమెరికన్ మెజీషియన్ విలియం రాబిన్సన్, 1918 మార్చి 23న లండన్‌లో తన ప్రసిద్ధ అంశం ప్రదర్శించాడు. తన మీదికి పేల్చిన తుపాకీ గుండును పట్టుకోవడమే ఆ అంశం. వందలసార్లు చేసిందే. ఆ రాత్రి మాత్రం గుండు నిజంగానే ఛాతీలోకి దూసుకుపోయింది. మర్నాడు చనిపోయాడు. వాడివాడి అరిగిపోయిన తుపాకీలో, పేలకూడని గొట్టంలోకి మందు చేరి నిప్పంటుకోవడమే కారణమని విచారణలో తేలింది. ఆ అరుగుదలను ఎవరూ గమనించలేదు.

మన దేశంలో 2019 జూన్ 16న కోల్‌కతాలో చంచల్ లాహిరి కాళ్లూ చేతులూ గొలుసులతో కట్టించుకుని, తాళాలు వేయించుకుని, హౌరా వంతెన దగ్గర హుగ్లీ నదిలోకి దిగాడు. మళ్లీ పైకి రాలేదు. మర్నాడు మృతదేహం దొరికింది. నీళ్లలోకి దిగే సంగతి తమకు చెప్పలేదని పోలీసులు తర్వాత అన్నారు. బీమా కోణంలో ఇది చాలా పెద్ద మాట. అనుమతి ఒకదానికి తీసుకుని ప్రదర్శన మరొకటి చేస్తే, పాలసీ చేతిలో ఉన్నా పరిహారం దక్కకపోవచ్చు.

బీమా ఆదుకున్న సందర్భమూ ఉంది. సంకెళ్లు తెంచుకోవడంలో మేటి అయిన హూడినీ 1926 అక్టోబర్ 22న కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్నప్పుడు ఓ విద్యార్థి ఆయన పొట్టలో వరసగా గుద్దాడు. తర్వాత అపెండిక్స్ పగిలి, విషం పొట్టంతా పాకి, అక్టోబర్ 31న డెట్రాయిట్‌లో చనిపోయాడు. ఆ దెబ్బలకూ అపెండిక్స్‌కూ సంబంధం ఉందా అన్నది వైద్యులు ఇప్పటికీ వాదించుకునే విషయమే. కానీ ప్రమాదవశాత్తు మరణిస్తే రెట్టింపు సొమ్ము ఇవ్వాలన్న షరతు ఆయన పాలసీలో ఉంది. అక్కడున్నవాళ్ల వాంగ్మూలాలు పోగుచేసి చూపించాక కంపెనీ ఆ సొమ్ము చెల్లించింది. సాక్ష్యం ఉంటేనే బీమా పలుకుతుందని ఈ కథ చెబుతుంది.

ప్రేక్షకుడికి దెబ్బ తగిలితే?

ఇక్కడే అసలు చిక్కు. 2013లో లాస్ వేగాస్‌లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ ప్రదర్శనకు వెళ్లిన ఓ బ్రిటన్ పర్యాటకుడిని వేదిక మీదికి పిలిచారు. కొందరు ప్రేక్షకుల్ని ఒకచోట మాయం చేసి హాలు వెనక ప్రత్యక్షం చేసే అంశమది. ఆ హడావుడి పరుగులో అతడు పడిపోయాడు. మెదడుకు దెబ్బ తగిలిందని కోర్టుకెక్కాడు. 2018లో జ్యూరీ తీర్పు చెప్పింది. కాపర్‌ఫీల్డ్ వైపు నిర్లక్ష్యం ఉన్నా, పరిహారం చెల్లించాల్సిన బాధ్యత మాత్రం లేదని తేల్చింది. మెజీషియన్ గెలిచినట్టే. కానీ అన్నేళ్ల వాజ్యంలో లాయర్ల ఖర్చు సరే, మాయమయ్యే అంశం గుట్టు కూడా కోర్టులో బయటపడింది!

మన దగ్గరా దారులున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'సేవ' అన్న మాటలో వినోదాన్నీ చేర్చింది. అంటే డబ్బు చెల్లించి షో చూసినవారు నిర్లక్ష్యం వల్ల గాయపడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. బాధ్యత మెజీషియన్‌తోనే ఆగదు. హాలు యజమానికీ నిర్వాహకులకూ అంటుకోవచ్చు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2011లో నష్టపరిహారం ఖరారు చేసినప్పుడు హాలు యాజమాన్యంతో పాటు విద్యుత్ సంస్థ మీదా భారం వేసింది. ఇక నిర్లక్ష్యంతో ప్రాణం పోతే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకూ జైలు పడొచ్చు. బీమా పరిహారం కట్టగలదు కానీ, జైలుశిక్ష అనుభవించలేదు కదా!

ఏ బీమా దేనికి?

కళ్లకు గంతలు కట్టుకుని హైదరాబాద్ వీధుల్లో స్కూటర్ నడిపి పేరు తెచ్చుకున్నారు ఇంద్రజాలికుడు, మానసిక నిపుణుడు బి.వి.పట్టాభిరామ్ (2025లో కన్నుమూశారు). మోటారు బండ్లకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అని అందరికీ తెలుసు. బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే అది ఆదుకుంటుంది. వేదిక మీద అదే పని చేసేది 'పబ్లిక్ లయబిలిటీ' పాలసీ. ప్రేక్షకుడికి గాయమైనా, హాలు కర్టెన్లు కాలిపోయినా, కోర్టు ఖర్చులైనా షరతులకు లోబడి పాలసీ పరిమితి మేరకు కంపెనీ భరిస్తుంది. బ్రిటన్‌లో కళాకారుల సంఘం 'ఈక్విటీ' తన సభ్యులకు కోటి పౌండ్ల వరకూ ఈ రక్షణ కల్పిస్తోంది.

మన దగ్గర సాధారణ బీమా కంపెనీలు హోటళ్లు, హాళ్లు, కార్యక్రమ నిర్వాహకులకు ఇలాంటి పాలసీలు అమ్ముతున్నాయి. ఒక్క రోజు కార్యక్రమానికీ తీసుకోవచ్చు. ఇక్కడో జాగ్రత్త. భోపాల్ విషాదం తర్వాత 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం ప్రమాదకర రసాయనాలతో పనిచేసే సంస్థలకు సంబంధించింది. పేరు ఒకటే కదా అని పొరబడకూడదు. నిప్పు, కత్తులు, జంతువులు వాడుతుంటే దరఖాస్తులోనే రాయాలి. దాచిపెడితే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు.

ప్రేక్షకులకు సరే, మెజీషియన్ సొంత ప్రాణం మాటేమిటి? దానికి వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా ఉండాలి. బ్యాంకు ఖాతా ఉన్న 18-70 ఏళ్ల వారెవరైనా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరొచ్చు. ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. ఒక సోడా ఖరీదు! సహాయకులనూ చేర్పించడం మరవకూడదు. క్లెయిమ్ విషయంలో కంపెనీ సతాయిస్తే హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థకు 155255 నంబరులో ఫిర్యాదు చేయొచ్చు.

జరగనే జరిగితే...

మొదట ఆట ఆపాలి. 'ఇదీ మ్యాజిక్కే' అని ప్రేక్షకులు చప్పట్లు కొడుతుంటే విలువైన నిమిషాలు గడిచిపోతాయి. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు ధారగా చల్లటి నీళ్లు పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు. పసుపు పండించే జిల్లా కదా అని పసుపూ పూయకూడదు. 108కి ఫోన్ చేయాలి. గుచ్చుకున్న మేకునో కత్తినో అక్కడే పీకేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తర్వాత కాగితాల పని. వాడిన పరికరాన్ని కదపకుండా ఫొటోలు తీయాలి. చూసినవాళ్ల పేర్లు, నంబర్లు రాసుకోవాలి. గాయం పెద్దదైతే పోలీసులకు చెప్పాలి. బీమా కంపెనీకి వెంటనే తెలపాలి. వాళ్లకు చెప్పకుండా 'తప్పు నాదే, ఇంత ఇస్తా' అని పెద్దమనుషుల ముందు రాసిస్తే, ఆ డబ్బు జేబులోంచే కట్టుకోవాల్సి రావచ్చు. క్షమాపణ చెప్పడానికీ గాయపడినవారిని ఆస్పత్రిలో చేర్చడానికీ మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

షో పెట్టించే బడులూ, తల్లిదండ్రులూ అడగాల్సినవి మూడే ప్రశ్నలు. నిప్పు, పదునైన వస్తువులు ఉన్న అంశాలున్నాయా? పిల్లల్ని స్టేజీ మీదికి పిలిచి ఏం చేయిస్తారు? బీమా ఉందా? ముందు వరసను నాలుగడుగులు వెనక్కి జరిపి, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకుని, హాలు తలుపులు తీసి ఉంచడానికి ఖర్చేమీ కాదు. తెగిన తాడును అతికించడం మెజీషియన్‌కు తెలుసు. ఆస్పత్రి బిల్లును మాయం చేయడం మాత్రం ఏ మంత్రదండానికీ చేతకాదు!