సీసాకు చట్టం, కుళాయికి సలహా

ఏ నీరు త్రాగితే ఆరోగ్యమన్నది ఒకప్పుడు వైద్యుని అడిగే ప్రశ్న. నేడది దుకాణదారుని అడిగే ప్రశ్నగా మారిపోయినది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, పదవీ విరమణతో ఉక్కు కర్మాగారపు క్వార్టర్లను ఖాళీచేసి స్మృతినగర్ వంటి కాలనీలలో స్వంత ఇళ్ళు కట్టుకొన్న కుటుంబాలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. టౌన్‌షిప్‌లో ఉన్నన్నాళ్ళూ నీటి సంగతి యాజమాన్యం చూసుకొనేది. టౌన్‌షిప్ హద్దు దాటగానే ఆ భారం గృహస్థుని నెత్తిన పడినది. మునిసిపల్ కుళాయి, పెరటి బోరు, ఇరవై లీటర్ల క్యాను, గోడకు తగిలించే ఆర్.ఓ. యంత్రం - ఈ నాల్గింటిలో ఏది మేలో ఆయనే తేల్చుకోవలె.

శాస్త్రం చెప్పే సమాధానం క్లుప్తమైనది. రోగక్రిములు లేకుండా, విషపదార్థాలు పరిమితి మించకుండా, సహజమైన ఖనిజ లవణాలతో ఉన్న నీరు ఎక్కడిదైనా మంచిదే. కాచినందువల్ల క్రిములు చస్తవి. కాని ఫ్లోరైడు, ఆర్సెనిక్, నైట్రేటు పోవు సరిగదా, నీరు ఆవిరైనకొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది. అతినీలలోహిత కిరణాల యంత్రం చేసేదీ క్రిమి సంహారమే. ఆర్.ఓ. యంత్రం విషాలను చాలవరకు తీసివేయగలదు. వాటితోపాటు శరీరానికి పనికివచ్చే కాల్షియం, మెగ్నీషియములను కూడా తీసివేస్తుంది, ఎంతో నీటిని మురుగుకాలువ పాలుచేస్తుంది. లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములకు లోపున్నచోట ఈ యంత్రాలను నిషేధించవలసిందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించినది ఇందుకే. ఇక క్షారజలం పేరిట ఎక్కువ ధరకు అమ్ముతున్నదాని మహిమ కడుపులోని ఆమ్లాన్ని తాకేవరకే. సీసా నీరు స్వచ్ఛతకు పర్యాయపదమని భావించేవారు, లీటరు సీసా నీటిలో సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ కణాలున్నట్లు 2024లో అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కించిన సంగతి కూడా తెలుసుకోవలసి ఉన్నది.

కనుక ఏ రకం నీరన్నది అసలు ప్రశ్న కాదు. ఆ నీటిని ఎవరు పరీక్షించారు, ఫలితాన్ని ఎవరికి చెప్పారన్నదే ప్రశ్న. యంత్రాల కంపెనీ ప్రతినిధి ఇంటికి వచ్చి, గ్లాసులో చిన్న మీటరు ముంచి ఒక అంకె చూపిస్తాడు. ఆ అంకె కరిగిన లవణాల మొత్తం మాత్రమే. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాని ఆర్సెనిక్ అందులో అయిదింతలున్నా ఆ మీటరు ముల్లు కదలదు. ఆర్సెనిక్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

ఇది ఊరకే భయపెట్టడానికి చెప్పే ఉదాహరణ కాదు. భిలాయి మునిసిపల్ కార్పొరేషన్ కుళాయిలకు నీరిచ్చేది శివనాథ్ నది. ఆ నది పుట్టే అంబాగఢ్ చౌకీ ప్రాంతంలో, కౌడికసా గ్రామపు భూగర్భజలంలో ఆర్సెనిక్ ఉన్న సంగతి 1999లోనే శాస్త్ర పత్రికల కెక్కినది. అక్కడి గ్రామస్థులు ఆ నీటినే ఏళ్ళతరబడి త్రాగి చర్మవ్యాధుల పాలైనారు. బావినీటిలో విషమున్నంత మాత్రాన నదినీరు విషమని అర్థం కాదు. కాని పరీక్షించనిదే రెండూ చెప్పలేము.

ఈ నదికి మరొక చరిత్ర కూడా ఉన్నది. 1998లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్నప్పుడు, దుర్గ్ సమీపాన బోరై పారిశ్రామికవాడకు నీరందించే పేరిట శివనాథ్‌లో 23 కిలోమీటర్లకు పైగా నిడివిని ఒక ప్రైవేటు సంస్థకు 22 ఏళ్ళ ఒప్పందంపై అప్పగించారు. తరతరాలుగా అందులో చేపలు పట్టుకొన్న పల్లెవారికి అడ్డంకులు ఎదురైనవి. ఆ ఒప్పందాన్ని రద్దుచేయవలసిందని రాష్ట్ర శాసనసభ ప్రజాపద్దుల సంఘం 2007లో సిఫారసు చేసినది. నీటిని సరుకుగా చూడడమన్నది క్యానుతో మొదలైనది కాదు. నది దగ్గరే మొదలైనది.

తెలుగువారికి ఈ విషయంలో అనుభవం తక్కువేమీ కాదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోయే వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పరిశోధన సంస్థ నల్లగొండ పేరే పెట్టినది. పేరు దక్కినది గాని, ఇంటింటా రోజూ పటిక కొలిచి కలుపుకోవడం జరిగే పని కాలేదు. నల్లగొండకు ఉపశమనం తెచ్చినది గొట్టాల ద్వారా వచ్చిన కృష్ణానీరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణమేదో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేకపోయినా, అనుమానపు బోరునీటిని మాన్పించి హిరమండలం జలాశయపు నీరిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైనది. భిలాయికి వలసవచ్చిన తెలుగువారిలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాలవారు అనేకులు. స్వగ్రామంలో ఉద్దానం, ఉంటున్న రాష్ట్రంలో ఇదే వ్యాధితో కుములుతున్న గరియాబంద్ జిల్లా సూపేబేడా - రెండింటినీ ఎరిగినవారికి, ఇది గోడకు తగిలించే యంత్రంతో తీరే సమస్య కాదని వేరే చెప్పనక్కరలేదు.

మరి రాజధాని ఏమి చేస్తున్నది? త్రాగునీటికి భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐ.ఎస్. 10500 అనే చక్కని ప్రమాణమున్నది. దానిని పాటించితీరవలెనని మాత్రం నీటి సరఫరా సంస్థలను నిర్బంధించే చట్టం లేదు. సీసాలో నింపి అమ్మేవాడు ఆహార భద్రతా చట్టానికి జవాబుదారీ. కుళాయిలో వదిలేవాడికి ప్రమాణం సలహా మాత్రమే. డబ్బిచ్చి కొనే నీటికి చట్టరక్షణ, పన్నుకట్టి పొందే నీటికి సద్భావన!

2019 నవంబరులో నాటి కేంద్రమంత్రి రామ్‌విలాస్ పాస్వాన్ 21 నగరాల కుళాయి నీటి పరీక్షా ఫలితాలను ప్రకటించారు. పూర్తిగా నెగ్గినది ముంబాయి ఒక్కటే. హైదరాబాదు, భువనేశ్వర్‌లు రెండవ స్థానంలో నిలిచినవి. ఢిల్లీలో తీసిన పదకొండు నమూనాలూ తప్పినవి. ఆ మరునాటినుండి జరిగినది నీటి శుద్ధి కాదు, కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ మధ్య మాటల యుద్ధం. ప్రమాణాన్ని నిర్బంధం చేయాలన్న పాస్వాన్ మాట ఆ రొదలో కొట్టుకొనిపోయినది. ఇదే నగరంలో 1955 నవంబరులో మురుగు కలిసిన యమునానీరు కుళాయిల కెక్కి, సుమారు 29,300 మంది కామెర్ల పాలైన చరిత్ర ఉన్నదని కూడా ఎవరికీ గుర్తురాలేదు.

నీరు రాష్ట్రాల జాబితాలోని అంశమనీ, మునిసిపాలిటీల ఖజానాలు ఖాళీ అనీ, నిర్బంధం చేస్తే కోర్టు కేసులే పెరుగుతవనీ అధికారులంటారు. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. గొట్టాలు మార్చడానికి కోట్లు కావలె. కాని చేసిన పరీక్షల ఫలితాన్ని వార్డువారీగా ప్రకటించడానికి కోట్లు అక్కరలేదు, ధైర్యం కావలె. పరిశుభ్రమైన నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పినది. ఆ మాట వచ్చినది ఒక ఉక్కు కంపెనీ బొగ్గు వాషరీ నదిని కలుషితం చేస్తున్నదన్న వ్యాజ్యంలోనే కావడం ఉక్కునగర వాసులు గమనించదగినది. తాను త్రాగే నీటిలో ఏమున్నదో తెలియని పౌరునికి ఆ హక్కు కాగితం మీదిదే.

కొళాయిల లెక్క చెప్పడంలో ప్రభుత్వాలు వెనుకబడలేదు. 2019లో ప్రారంభమైన జల్‌జీవన్ మిషన్ కింద ఎన్ని గ్రామీణ గృహాలకు గొట్టం చేరినదో ఏ రోజుకారోజు అంకెలు వెలువడుతున్నవి. గడువును 2028 వరకు పొడిగించినారు కూడా. గొట్టం లెక్క ఇంత శ్రద్ధగా చెప్పగలిగినవారు గొట్టంలోని నీటి లెక్కను ప్రతి వీధి చివరా అంటించలేరా?

స్మృతినగర్ గృహస్థుడు యంత్రం కొనేముందు చేయదగిన పనులు రెండున్నవి. బోరు ఉంటే ఆ నీటిని ప్రయోగశాలలో, వేసవిలో ఒకసారి, వర్షాల తరువాత ఒకసారి పరీక్షింపజేయడం మొదటిది. తన వార్డు కుళాయి నీటి పరీక్షాపత్రాన్ని కార్పొరేషన్ నుండి సమాచార హక్కు చట్టం క్రింద అడగడం రెండవది. ఒక్కరడిగితే అర్జీ, కాలనీ అంతా అడిగితే అది రాజకీయం. వోటుకోసం వచ్చే అభ్యర్థిని రోడ్డు గురించి, దీపం గురించి అడుగుతున్నాము. నీటి ఫలితం గురించి అడిగినవారు అరుదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. నీటి విషయంలోనైనా నిజాన్ని దేవుడి కొక్కడికే వదిలివేయకుండుట మంచిది.