కొత్త స్విచ్ కొనే ముందు పాత స్విచ్‌ని అడుగుదాం



మొన్న ఆదివారం పిల్లల తెలుగు తరగతి మళ్ళీ మధ్యలో ఆగింది. విజయవాడ నుంచి పాఠం చెప్పే టీచరమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. గుణింతం సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. వారానికి ఉన్నది ఈ ఒక్క గంటే. ఇలాగే జరిగితే వాళ్ళు రావడం మానేస్తారు.

కమిటీలో కొందరు స్విచ్ మార్చాలంటున్నారు, కొందరు నెట్ కంపెనీని మార్చాలంటున్నారు. ఎవరి దగ్గరా లెక్క లేదు. నేను రైల్వేలో రిజిస్టర్లు రాసినవాణ్ణి. బండి ఎందుకు ఆలస్యమైందంటే "బండి పాతది" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగిందో రాయాలి. భవన నిధి నుంచి డబ్బు తీసే ముందు మనమూ అదే అడగాలి.

మన స్విచ్ మేనేజ్డ్ రకం. అందులో రిమోట్ మానిటరింగ్ ఉంది, దాన్నే ఆర్‌మాన్ అంటారు. ఇది 1991 నుంచి ఉన్న ప్రమాణం. మొత్తం తొమ్మిది విభాగాల్లో మామూలు స్విచ్‌లలో నాలుగే ఉంటాయి: స్టాటిస్టిక్స్, హిస్టరీ, అలారం, ఈవెంట్. మనకు అవి చాలు.

స్టాటిస్టిక్స్ ఒక్కో పోర్ట్‌కు వచ్చిన ప్యాకెట్లను, వాటిలో చెడిపోయినవాటిని లెక్కపెడుతుంది. తరగతి గది పోర్ట్‌లో మాత్రమే సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే ముందు చూడవలసింది కేబుల్‌ని, దాని కొనను. తలుపు కింద నలిగిన వైరుకు కొత్త స్విచ్ మందు కాదు.

హిస్టరీ ఆ లెక్కను గంటల వారీగా దాచిపెడుతుంది. అరగంటకొకటి చొప్పున 50 గడులు పెడితే 25 గంటలే నిలుస్తుంది. ఆదివారం సంగతి సోమవారం పొద్దున్నే చూడకపోతే చెరిగిపోతుంది. స్విచ్ ఒప్పుకుంటే 96 గడులు పెడదాం, రెండు రోజులు ఉంటుంది.

అలారం పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కౌంటర్ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మొత్తాన్ని కాక, నిమిషానికి ఎంత పెరిగిందో చూసే డెల్టా పద్ధతి ఎంచుకోవాలి. పై హద్దు 20, కింది హద్దు 2 అనుకోండి. 20 చేరగానే ఒకసారి మోగుతుంది. మళ్ళీ 2కు దిగి, తిరిగి 20కి ఎక్కితేనే రెండోసారి. రెండు హద్దులూ దగ్గర దగ్గరగా పెడితే ఊరికే మోగుతుంది, నాలుగు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు.

అలారం మోగితే ఏం చెయ్యాలో చెప్పేది ఈవెంట్. లాగ్‌లో రాయమనవచ్చు, ట్రాప్ పంపమనవచ్చు. ట్రాప్ అందుకునే కంప్యూటర్ మన దగ్గర లేదు, కాబట్టి లాగ్ చాలు. అయితే సెట్టింగులు సేవ్ చెయ్యాలి. వాచ్‌మన్ రాత్రి మెయిన్ ఆపితే కౌంటర్లు సున్నాకొస్తాయి, చాలా స్విచ్‌లలో లాగ్ కూడా పోతుంది. అందుకే ఈ నెల ఆ మెయిన్ ఆపవద్దు.

అసలు చిక్కు యంత్రంలో లేదు. ఎవరూ చదవని లాగ్ ఉన్నా లేనట్టే. నేను కోరేది ఇది: ప్రతి సోమవారం పొద్దున ఒక సభ్యుడు ఆ అంకెలను నోటు పుస్తకంలో ఎక్కించాలి. మొదటి నెల ఆ పని నేను చేస్తాను.

నాలుగు వారాల తర్వాత మన పోర్ట్‌లన్నీ శుభ్రంగా ఉంటే, నెట్ కంపెనీని మార్చడానికి మొదట చెయ్యెత్తేది నేనే. అప్పుడు వాళ్ళతో మాట్లాడటానికి మన చేతిలో కాగితం ఉంటుంది. ఈ రోజు ఉన్నది కోపం ఒక్కటే.

నేను చెప్పినదాంట్లో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను.