భయపెడితే బాగుపడతారా?

"ఆ మందు ఒక్కసారి నాలిక మీద పెట్టుకుంటే చాలు, జన్మంతా పిచ్చివాడై పోతాడు!" అని మొన్న పేరంటంలో ఒకావిడ ఘంటాపథంగా సెలవిచ్చింది. అందరం బుగ్గలు నొక్కుకున్నాం. పక్కగదిలోంచి మా చెల్లెలి కొడుకు ఫక్కున నవ్వాడు. "పెద్దమ్మా, మీకేం తెలీదు. పుట్టగొడుగూ, ఆకూ, గింజా... అంతా ప్రకృతి ఇచ్చిందే. ఏమీ కాదు" అన్నాడు.

నన్నడిగితే ఇద్దరిదీ తప్పే. కాకపోతే ఆవిడ తప్పు పెద్దదంటాను. కోప్పడకండి, ఎందుకో చెబుతాను.

భ్రాంతి కలిగించే మందులన్నీ ఒక్క తానులో గుడ్డలు కావు. 1943లో స్విట్జర్లాండు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ తాను తయారుచేసిన ఎల్.ఎస్.డి.ని మిల్లీగ్రాములో నాలుగోవంతు పుచ్చుకుని, సైకిలెక్కి ఇంటికి బయల్దేరాడు. పాలు తెచ్చిచ్చిన పొరుగింటావిడ ఆయన కంటికి మంత్రగత్తెలా కనబడిందిట! మర్నాటికి తేరుకున్నాడు. 102 ఏళ్లు బతికాడు కూడా. ఎల్.ఎస్.డి., కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్, మెదడులో సెరొటోనిన్ కూర్చోవలసిన పీటల మీద తామెక్కి కూర్చుంటాయి. ఇక చూపూ తలపూ కలగాపులగమే. కెటమిన్ దారి వేరు. అది గ్లుటమేట్ అనే మరో రసాయనం పనికి అడ్డుపడి, మనిషిని తన ఒంటినుంచే విడదీసినట్టు చేస్తుంది.

ఇక మన పెరటి ఉమ్మెత్త! వినాయకచవితి పత్రిలో పెడతామే, అదే. సంస్కృతంలో దానికి ఉన్మత్త అని పేరుపెట్టిన పెద్దలు వెర్రివాళ్లు కారు. అది అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పని చేయనివ్వదు. నోరెండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, గుండె పరుగెడుతుంది. ఎదుట లేని మనిషితో మాట్లాడుతూ, అది భ్రమ అని కూడా తెలియదు. ప్రాణమూ పోవచ్చు. ప్రకృతి ఇచ్చిందేగా మరి!

ఇప్పుడు చెప్పండి. ఒక్కసారికే జన్మంతా పిచ్చి అని మనం బెదిరిస్తాం. అది తిన్న స్నేహితుడు మర్నాడు మామూలుగా కాలేజీకి వస్తాడు. అంతే, అమ్మ అబద్ధాలకోరు! ఆపైన మనం చెప్పే నిజాలూ గాలికి పోతాయి. అమ్మే కాగితం ముక్క మీద నిజంగా ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. 1985 నాటి చట్టం జైలుకి పంపగలదు. వంశంలో మతిభ్రమణం ఉన్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ.

ఆ చివరిమాట మన పిల్లలకి చెప్పామా? సంబంధాలు తప్పిపోతాయని మేనమామ జబ్బుని గుట్టుగా దాచింది మనమే కదా! లేనిపోని భయాలు పెట్టి, చెప్పవలసిన ఒక్క భయాన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఇంటి గుట్టు కావాలో, పిల్లాడి బుర్ర కావాలో మీరే తేల్చుకోండి.