సంఘము లెక్కలు సభ్యుల చేతికి రావలెను

మార్చి 31వ తేదీతో లెక్కల సంవత్సరము ముగియును. పిమ్మట కొన్ని నెలలలో మన చెన్నపట్టణమందలి తెలుగు సంఘములు, సత్రములు, ధర్మసంస్థలు తమ సర్వసభ్య సమావేశములను జరుపుట ఆచారము. ప్రార్థన, స్వాగతము, కార్యదర్శిగారి నివేదిక అయిన పిదప కోశాధికారిగారు లేచి, లెక్కలను ఆడిటరుగారు చూచి సంతకము చేసినారని చెప్పుదురు. సభ్యులు కరతాళధ్వనులు చేయుదురు. తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గును. అందఱును ఫలహారములకు లేతురు. ఆంగ్లములో అచ్చయిన ఆ నాలుగు పుటలను చదివినవారు సభలో ఎందఱుందురు?

ఈ పద్ధతి మారవలెనని నా అభిప్రాయము. లెక్కలు తెలుగులో, సామాన్యునకు బోధపడునట్లు, సమావేశమునకు పదునైదు దినములు ముందుగా ప్రతి సభ్యుని చేతికి అందవలెను. అందులకు గల కారణములను పాఠక మహాశయుల యెదుట ఉంచుచున్నాను.

మొదటి పాఠము మన ఊరిదే. 1906 అక్టోబరు 22వ తేదీన అర్బత్నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసినది. అది భాగస్వాముల సంస్థ, పేరు గొప్పది. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు ఆ పేరును నమ్మి తమ కూడబెట్టిన సొమ్మును అందు దాచుకొనిరి. పేరును చూచిరేగాని లెక్కను చూచినవారు లేరు. ఆ సొమ్ములో అధికభాగము తిరిగి రాలేదు. సర్ జార్జి అర్బత్నాట్‌కు న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది. ఆ దెబ్బ తరువాతనే వి. కృష్ణస్వామి అయ్యరుగారు మొదలగు పెద్దలు పూనుకొని 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి.

నాడు లెక్కలు బయటికి రాలేదు. నేడు అట్లు కాదు, కంపెనీలు లెక్కలను అచ్చువేసి ప్రకటించుచున్నవి గదా యని కొందఱనవచ్చును. నిజమే. కాని 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షులు బి. రామలింగరాజుగారు వ్రాసిన లేఖను మఱువరాదు. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపగా, అందు 5,040 కోట్లు లేనేలేవని వారే ఒప్పుకొనిరి. తెలుగువారందఱును గర్వించిన సంస్థ అది. దానికి పేరుమోసిన ఆడిటర్లు ఉండిరి. అచ్చువేసిన లెక్కలు ఉండెను. సత్పరిపాలనకై బహుమతియు వచ్చియుండెను.

మన దుకాణములలో గుమాస్తా రాత్రి తాళము వేయుటకు ముందు చేయు పని యేమి? చిట్టాలోని రోకడ నిల్వ పెట్టెలో ఉన్నదా లేదా యని లెక్కించును. బ్యాంకులోని నిల్వను బ్యాంకునే నేరుగా అడిగి తెలిసికొనుట ఆడిటరునకు అట్టి పని. సత్యం ఆడిటర్లు ఆ పనిని సక్రమముగా చేయలేదని అమెరికా సెక్యూరిటీల కమిషను 2011లో నిర్ణయించి జరిమానా విధించినది.

ఆ గుట్టు బయటపడుటకు దారితీసినది ఆడిటరు సంతకము కాదు. 2008 డిసెంబరులో రాజుగారి కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొనుటకు డైరెక్టర్లు అంగీకరించిరి. వాటాదారులు గట్టిగా ఎదురు తిరుగగా కొన్ని గంటలలోనే ఆ ఆలోచనను విరమించుకొనిరి. లేని ఆస్తుల స్థానమున ఉన్న ఆస్తులను చేర్చుటకు అదియే కడపటి ప్రయత్నమని రాజుగారి లేఖయే చెప్పుచున్నది. వాటాదారులు అడుగకపోయినచో ఆ కథ మఱెంతకాలము సాగియుండునో!

విద్వాంసుల పరిశోధనలును ఇట్లే చెప్పుచున్నవి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫెంగ్ లీ కంపెనీల వార్షిక నివేదికల భాషను కొలిచి 2008లో ఒక పరిశోధన ప్రకటించెను. లాభములు తగ్గిన కంపెనీల నివేదికలు దీర్ఘములుగను, చదువుటకు కఠినములుగను ఉన్నవని అందు తేలినది. కఠినముగా వ్రాసినవారందఱు మోసగాండ్రని దీని యర్థము కాదు. అయినను బోధపడని లెక్కను అర్థము చెప్పుడని అడుగు హక్కు మనకున్నదని గ్రహింపవచ్చును. మోసములను పరీక్షించు నిపుణుల అంతర్జాతీయ సంఘము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, బయటపడిన మోసములలో వందకు 43 ఎవరో ఒకరు చెప్పుటవలన బయటపడినవి. బయటి ఆడిటు పట్టుకొన్నవి వందకు 3 మాత్రమే. ఆడిటరు అక్కఱలేదని నేననుట లేదు. ఆడిటరున్నాడని సభ్యుడు కన్నులు మూసికొనరాదని మాత్రమే అనుచున్నాను.

1975 నాటి తమిళనాడు సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము లెక్కలను రిజిస్ట్రారునకు దాఖలు చేయుచున్నాము. రిజిస్ట్రారు కచేరీకి చేరుట వేఱు, సభ్యునకు తెలియుట వేఱు. కావున నేను కోరునది ఒక్క కాగితము. నిరుటి నిల్వ యెంత? చందాలు, విరాళములు, అద్దెలు ఎంత వచ్చినవి? ఇండ్లు, దుకాణములు ఉన్నచో ఒక్కొక్కదాని అద్దె ఎంత, ఎవరి బాకీ ఎంత? డిపాజిట్లు ఏ బ్యాంకులో, ఏ గడువునకు ఉన్నవి? కార్యవర్గమువారికిగాని వారి బంధువులకుగాని చెల్లించిన సొమ్ము కలదా? ఇవి తెలుగులో ఉండవలెను. కార్యవర్గములో లేని ఇద్దఱు సభ్యులను సభవారు ఎన్నుకొని, పాసుబుక్కును, డిపాజిట్టు రసీదులను వారిచేత ప్రత్యక్షముగా చూపింపవలెను.

ఇట్లు అడుగుట పెద్దలను అవమానించుటయని కొందఱు మిత్రులు అందురు. జీతము లేకుండ ఏండ్ల తరబడి సేవచేయు కోశాధికారిగారి మేలు కోరియే నేనిది వ్రాయుచున్నాను. లెక్క మూసియున్నచో వీధిలో పుట్టిన ప్రతి వదంతికిని వారే గుఱియగుదురు. కాగితము అందఱి చేతిలో ఉన్నచో ఆ కాగితమే వారి పక్షమున సాక్ష్యము చెప్పును.

మన పిల్లలకు తెలుగు చదువ రాదుగదా యని మఱికొందఱు అందురు. వెనుకవైపున ఆంగ్లమునో తమిళమునో అచ్చువేయవచ్చును. కాని తెలుగు ముందుండవలెను. మన తాతలు చిట్టా, ఆవర్జాలను తెలుగులోనే వ్రాసినారు. జమ, ఖర్చు, పద్దు, రోకడ, బాకీ యను మాటలు నేటికిని మన నోళ్లలో ఉన్నవి. ఉగాదినాడు పద్యములు చదువుటకు మాత్రమే మిగిలిన భాష ఇంటిలో ఎంతకాలము నిలుచును? సొమ్ము వ్యవహారము దానిలో జరిగినపుడే పిల్లవాడు అది పనికివచ్చు భాషయని తెలిసికొనును.

నేను సభ్యుడనైయున్న సంఘములలో ఈ ప్రతిపాదనను వ్రాతమూలకముగా పంపుచున్నాను. ఇతర సంఘములలోని సోదర సోదరీమణులును అట్లే పంపి, రాబోవు సమావేశములలో బలపఱుపవలెనని ప్రార్థించుచున్నాను.