పేరు ఒక్కటే కాదు, ఊరూ చూసి కొనండి!

ఆషాఢం వచ్చిందంటే తగ్గింపులు, దసరా దీపావళి వచ్చాయంటే ఎక్స్ఛేంజ్ మేళాలు. పేపరు తిప్పితే చాలు, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ పేజీల నిండా మెరిసిపోతుంటాయి. అమ్మాయి చేత కొత్త కాపురం పెట్టించాలన్నా, పాతది మూలపడి కొత్తది తెచ్చుకోవాలన్నా ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే - "ఏ కంపెనీ మంచిదంటావ్?"

ప్రశ్న సబబైనదే. పాతికవేలో ముప్ఫైవేలో పోసి కొనే వస్తువాయె! చాలా ఇళ్ళల్లో వాయిదాల మీద తెచ్చుకునేది. పట్టుమని రెండేళ్ళు తిరక్కుండానే అది మొరాయిస్తే వాయిదాలు ఆగవు, ఇంట్లో మాసిన బట్టలూ ఆగవు. ఆ బకెట్లు మళ్ళీ ఎవరి చేతికి వస్తాయో వేరే చెప్పాలా? అందుకే ఈ వారం ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడుకుందాం. నమ్మకమైన యంత్రం అంటే మంచి పేరున్న యంత్రమని మాత్రమే కాదు. మన ఇంటి నీళ్ళకీ, మన వీధి కరెంటుకీ తట్టుకుని, చెడిపోతే మన ఊళ్ళోనే బాగయ్యేది ఏదో అదే మనకు నమ్మకమైనది.

పాత పేరు, కొత్త చేతులు

"మా అమ్మగారింట్లో ఆ కంపెనీ ఫ్రిజ్ ఇరవై ఏళ్ళు చెక్కుచెదరలేదు" అనే మాట మనం తరచూ వింటూంటాం. ఆ ఫ్రిజ్ నిజంగానే గట్టిదై ఉండొచ్చు. కానీ ఇవాళ అదే పేరుతో వస్తున్న వస్తువును వాళ్ళే తయారుచేస్తున్నారా అన్నది వేరే సంగతి. మన హైదరాబాద్ ఆల్విన్‌నే తీసుకోండి. ఒకప్పుడు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆల్విన్ ఫ్రిజ్ అంటే ఎంత గౌరవమో పెద్దవాళ్ళనడగండి. 1990లలో దాని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది. ఇప్పుడు కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ అన్న పేరు మిగిలింది. కెల్వినేటర్ పేరు కూడా మన దేశంలో ఎన్నో చేతులు మారి, 2025లో రిలయన్స్ రిటైల్ సొంతమైంది. ఇంటింటా వాషింగ్ మెషీన్లు అమ్మిన వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

ఇదంతా ఆ పేర్లను తప్పుపట్టడానికి కాదు సుమా! పాతికేళ్ళ నాటి జ్ఞాపకాన్ని నమ్ముకుని ఇవాళ డబ్బు పెట్టకూడదని చెప్పడానికే.

ముందు మీ నీళ్ళు చూడండి

వాషింగ్ మెషీనుకీ, గీజరుకీ మొదటి శత్రువు ఉప్పునీళ్ళు. నల్గొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల్లో బోరు నీళ్ళు వాడేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. సబ్బు నురగ రాకపోయినా, నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పొర కట్టినా మీవి కఠిన జలమన్నమాట. తాగే నీళ్ళలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేనప్పుడు 600 వరకు పరవాలేదని భారతీయ ప్రమాణాల సంస్థ చెప్తుంది. మీ బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి. వేలు పోసి కొనే వస్తువుకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇలాంటి నీళ్ళు వేడిచేస్తే హీటరు కడ్డీ మీద సున్నం పేరుకుంటుంది. కాబట్టి ముందు తలుపు తెరిచే ఫ్రంట్ లోడు యంత్రం కొన్నా రోజువారీ బట్టలకు చన్నీళ్ళే వాడండి. గీజరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరిగా చూడండి. లోపల గాజుపూత ఉన్న ట్యాంకు అయితే, దాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. అది కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. ఉప్పునీళ్ళ ఊళ్ళల్లో ఏటా ఒకసారి తీయించి చూసి, అరిగిపోతే మార్పించాలి. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు, మనమూ అడగం. ట్యాంకు కారడం మొదలయ్యాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే!

నీళ్ళ ఒత్తిడి సంగతీ ఉంది. ఆటోమేటిక్ యంత్రాల పుస్తకంలో కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలని కొన్ని కంపెనీలు రాస్తాయి. అంటే ట్యాంకులో నీళ్ళు కుళాయి కంటే సుమారు 3 మీటర్ల ఎత్తున ఉండాలి. పైఅంతస్తులో ఉంటూ, ట్యాంకు నెత్తిమీదే ఉన్నవాళ్ళు ఇది చూసుకోకుండా కొంటే యంత్రం నీళ్ళకోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో, బకెట్టుతో పోసుకునే వీలున్న సెమీ ఆటోమేటిక్కే హాయి. దాన్ని తక్కువగా చూడకండి.

తర్వాత మీ కరెంటు

సాయంత్రమయ్యేసరికి మీ ఫ్యాను నీరసంగా తిరుగుతోందా? లైటు మినుకుమినుకుమంటోందా? అయితే మీది లోవోల్టేజి వీధి. "దీనికి స్టెబిలైజరు అక్కర్లేదండీ" అని షాపు కుర్రాడు అంటే వెంటనే తలూపకండి. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా పనిచేస్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది. అది చూపించమనండి. మీ ఎలక్ట్రీషియను చేత ఇంట్లో వోల్టేజి చూపించి, రెండూ సరిపోల్చుకోండి.

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేతికి జివ్వుమంటే "కొంచెం షాకేలే" అని ఊరుకోవడం మహా ప్రమాదం. వెంటనే ప్లగ్గు తీయించి, ఎర్తింగూ వైరింగూ చూపించాలి. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో దీన్ని అసలు వాయిదా వేయొద్దు.

ఇక నక్షత్రాల గుర్తు. మన దేశంలో ఈ స్టార్ లేబుల్ 2006లో మొదలైంది. దాని మీద నక్షత్రాలొక్కటే లెక్కపెట్టకండి. ఏ సంవత్సరాలకు చెల్లే లేబులో, ఫ్రిజ్ అయితే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో కూడా చూడండి. నక్షత్రాల కొలత ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు. కాబట్టి పాత లేబుల్ మీది అయిదు నక్షత్రాలు, కొత్త లేబుల్ మీది అయిదు నక్షత్రాలు ఒకటి కావు. ఒక ఫ్రిజ్ ఏడాదికి 180 యూనిట్లు, ఇంకొకటి 250 యూనిట్లు అని ఉందనుకోండి. తేడా 70 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల లెక్కన ఏడాదికి 490, పదేళ్ళకు 4,900 రూపాయలు. రెండింటి ధరల్లో తేడా అంతకంటే ఎక్కువుంటే తొందరపడక్కర్లేదు.

హంగులు పెరిగితే మరమ్మతులూ పెరుగుతాయి

ఒంటి తలుపు డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఐసు గడ్డకడుతుంది, మనమే బటన్ నొక్కి కరిగించుకోవాలి. నిజమే. కానీ దాని లోపల భాగాలు తక్కువ. ఐసు కట్టని ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఫ్యాను, ఐసు కరిగించే హీటరు, సెన్సరు అదనం. పెద్ద సంసారానికి అది సుఖమే. ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంట్లో, మంచి మెకానిక్కు దొరకని ఊళ్ళో చిన్నదే మేలు.

వాషింగ్ మెషీన్లూ అంతే. ఫ్రంట్ లోడుకు నీళ్ళు తక్కువ పడతాయి, బట్టలు తక్కువ నలుగుతాయి. అయితే నురగ తక్కువొచ్చే పొడే వాడాలి. మామూలు పొడి గుప్పిళ్ళతో పోస్తే నురగ నిండి యంత్రం ఆగిపోతుంది. ఇంకో ముఖ్యమైన ప్రశ్న - బేరింగు పోతే విడిగా మారుస్తారా, లేక టబ్బు మొత్తం మార్చాలా? కొన్ని మోడళ్ళలో టబ్బును అతికేసి ఉంచుతారు. చిన్న బేరింగు కోసం టబ్బంతా కొనాల్సి వస్తుంది. టాప్ లోడు కొనేవాళ్ళు కింద ఎలుకల జాలీ ఉందేమో వంగి చూడండి. లోపలికి దూరి వైర్లు కొరికే ఎలుకకు ఏ కంపెనీ అయినా ఒకటే!

"పదేళ్ళ వారంటీ" అంటే?

పెద్ద అక్షరాల్లో పది అని ఉంటుంది, పక్కన చిన్న అక్షరాల్లో "కంప్రెసరుకు" అనో "మోటారుకు" అనో ఉంటుంది. మిగతా ఫ్రిజ్‌కీ, మెషీనుకీ వారంటీ చాలావాటికి ఒక ఏడాదే. ఆ పదేళ్ళలో కంప్రెసరు పోయినా, చాలా కంపెనీలు భాగం ఒక్కటే ఉచితంగా ఇస్తాయి. గ్యాసు, కూలి, రవాణా మన ఖర్చే. ఇప్పటి యంత్రాల్లో తరచు ఇబ్బంది పెట్టేది లోపలి సర్క్యూటు బోర్డు. దానికి వారంటీ ఎన్నాళ్ళు, తర్వాత దాని ధరెంత అన్నది కొనేముందే అడగండి. "అదనపు వారంటీ" అమ్మితే, అది కంపెనీ ఇచ్చేదా షాపువాళ్ళు ఇచ్చేదా తెలుసుకోండి.

కొనేముందు నాలుగు పనులు

1. మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగే మెకానిక్కుని అడగండి. "ఏది మంచిది" అని కాదు, "ఏ యంత్రానికి మన ఊళ్ళో సామాను తేలిగ్గా దొరుకుతుంది" అని అడగండి. షోరూములో లేనిది ఆయన అనుభవంలో ఉంటుంది.

2. కంపెనీ సర్వీసు నంబరుకు మీరే ఫోన్ చేసి పిన్‌కోడ్ చెప్పండి. మనిషి ఏ ఊరినుంచి వస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు? జవాబు నీళ్ళు నమిలినట్టుంటే, రేపు యంత్రం ఆగినప్పుడూ అంతే.

3. ఆన్‌లైన్‌లో జనం రాసిన అభిప్రాయాలు చదివితే, కొన్న వారానికే మెచ్చుకున్నవి పక్కనపెట్టండి. ఏడాదో రెండేళ్ళో వాడినవాళ్ళు రాసినవి వెతకండి.

4. యంత్రం మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. షాపులో ప్రదర్శనకు పెట్టిన ముక్క అంటగట్టకుండా సీలు విప్పని పెట్టె అడగండి.

ఇంటికొచ్చాక

ఫ్రంట్ లోడు మెషీను వెనక, రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించిన బోల్టులుంటాయి. అవి తీశాకే నడపాలి. తీసినవి పారేయకండి. అద్దె ఇళ్ళవాళ్ళకు ఇల్లు మారేటప్పుడు మళ్ళీ కావాలి. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా, పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలండి. నీళ్ళ పైపు మొదట్లో ఉండే చిన్న జాలీని నెలకోసారి కడగండి. వానాకాలంలో మున్సిపల్ నీళ్ళలో వచ్చే మట్టి చేరేది అక్కడే.

చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ అనే గ్యాసు ఉంటుంది. అది మండే వాయువు. కాబట్టి గ్యాసు నింపాల్సి వస్తే ఆ పని తెలిసినవాణ్ణే పిలవండి. వెనకున్న స్టిక్కరు చూడకుండా చేతిలో ఉన్న గ్యాసు ఎక్కించేవాణ్ణి దగ్గరికి రానివ్వొద్దు.

మాట వినకపోతే

వారంటీలో ఉన్నా తిప్పుతున్నారా? ముందు ఫిర్యాదు నంబరు తీసుకోండి, తేదీలు రాసిపెట్టుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు. కంపెనీ బొంబాయిలో ఉందని భయపడక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. అయితే రెండేళ్ళలోపు వేయాలి.

దీనికంతటికీ ఆధారం బిల్లే. జి.ఎస్.టి. నంబరుతో, మోడలు నంబరు, సీరియల్ నంబరు రాయించి తీసుకోండి. ఇప్పుడు చాలా షాపుల్లో ఇచ్చే నున్నటి కాగితం బిల్లు మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. ఆ రోజే ఒక జిరాక్సు తీయించి, వారంటీ కార్డుతో కలిపి బీరువాలో పెట్టండి.

చివరిగా ఒక్క మాట. యంత్రం కొనడానికి అబ్బాయినో ఆయన్నో పంపి, మీరు వంటింట్లో ఉండిపోకండి. మీ ఇంటి నీళ్ళ సంగతి, ఏ పూట కరెంటు పోతుందో, తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో తెలిసింది మీకే. కాబట్టి మీరూ షాపుకు వెళ్ళండి, తలుపు తీసి చూడండి, నాలుగు ప్రశ్నలూ మీరే అడగండి.