ఫీడ్ రీడర్ పని ఫేస్‌బుక్ చేయదు

ఫీడ్ రీడర్లకు కాలం చెల్లిందన్న మాట ఈమధ్య చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినబడుతోంది. చేతిలో వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఉండగా వేరే సాధనం దేనికంటారు. మనకు తెలియాల్సిన కబురైతే ఎవరో ఒకరు పంపుతారని, అదే మన ఫోను దాకా వస్తుందని వాళ్ల ధీమా. ఈ ధీమా తప్పు. కబురు దానంతట అది రాదు. ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో ఒక కంపెనీ లెక్క తేల్చాకే వస్తుంది. ఫీడ్ అలా కాదు. వెబ్‌సైటు తన కొత్త రాతల పట్టికను ఒక చిన్న ఫైలుగా బయట పెడుతుంది. అందులో ఒక్కో రాతకు శీర్షిక, లింకు, తేదీ, గంట, నిమిషం, కొంత సారాంశం ఉంటాయి. ఫీడ్ రీడర్ ఆ ఫైలును అప్పుడప్పుడు చూసివచ్చి, కొత్తవేవో మనకు చెబుతుంది. 1999లో నెట్‌స్కేప్ మొదలుపెట్టిన ఆర్‌ఎస్‌ఎస్ అయినా, 2005లో ప్రమాణంగా వెలువడిన ఆటమ్ అయినా చేసేది ఇంతే. ఊళ్లో డప్పు చాటింపు ఏ వాడలో వేసినా ఒకే మాట చెప్పినట్టు, ఫీడ్ కూడా అడిగినవాళ్లందరికీ ఒకే పట్టికను, రాసిన వరుసలోనే ఇస్తుంది.

ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమని, మామూలు పాఠకుడికి పట్టదని అనేవాళ్లు తెలుగు వెబ్ చరిత్రను ఒకసారి చూడాలి. 2006 ప్రాంతంలో తెలుగు బ్లాగులు పుంజుకున్నది ఫీడ్ల బలంతోనే. తెలుగు టైపింగ్ సాధనం లేఖినిని అందించిన వీవెనే, బ్లాగులను ఒకచోట చేర్చే కూడలిని కూడా నడిపారు. తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటివి వచ్చాయి. ఇవన్నీ లోలోపల ఫీడ్ రీడర్లే. వందల బ్లాగుల ఫీడ్లను చదివి, కొత్త టపాలను సమయం వరుసలో ఒకే పేజీలో పెట్టేవి. వాటిని తెరిచిన పాఠకుల్లో ఎక్కువమందికి ఆర్‌ఎస్‌ఎస్ అన్న పేరు తెలియాల్సిన పనే పడలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ పేజీలో పేరున్న రచయిత కొత్త టపా పక్కనే, నిన్ననే బ్లాగు తెరిచిన డిగ్రీ విద్యార్థి మొదటి టపా కనబడేది. అతనికి ఒక్క ఫాలోయర్ కూడా ఉండనక్కర్లేదు. ఛందస్సు మీద రాసినా, వంకాయ కూర మీద రాసినా, పాత పుస్తకం మీద రాసినా పైకి వచ్చే హక్కు అందరికీ సమానం. అప్పటి తెలుగు బ్లాగుల్లో అంత వైవిధ్యం కనబడటానికి ఈ సమాన హక్కే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ తర్వాత రాసేవాళ్లు, చదివేవాళ్లు సోషల్ మీడియాకు తరలిపోయారు. ఫీడ్ల కథ ముగిసిందనడానికి గూగుల్ రీడర్ మూతను రుజువుగా చూపిస్తారు. 2005లో వచ్చిన ఆ రీడర్‌ను గూగుల్ 2013 జూలై 1న మూసేసింది నిజమే. కానీ ఆ మూతలో పాఠకుడు ఏం పోగొట్టుకున్నాడు? తన చందాల పట్టికను ఒక ఫైలుగా దించుకుని ఫీడ్లీలోనో, ఇనోరీడర్‌లోనో ఎక్కించుకున్నాడు. మర్నాటి నుంచి అవే బ్లాగులు, అదే వరుసలో చదువుకున్నాడు. రచయితకు ఒక్క టపా పోలేదు. అదే గూగుల్ 2019 ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్‌ను మూసింది. అక్కడ తెలుగువాళ్లు రాసుకున్న చర్చలు, వ్యాఖ్యలు, పరిచయాలు వెబ్ మీద నుంచి చెరిగిపోయాయి. ఎవరి రాతలు వాళ్లు దించుకునే వీలు ఇచ్చారు గాని, పాఠకులను దించుకోవడం ఎలా? కంపెనీ ఒకటే, మూతలు రెండు. ఒకదానిలో పోయింది పరికరం, రెండోదానిలో పోయింది సాహిత్యం. అంతకుముందు 2014 సెప్టెంబరులో ఆర్కుట్ పోయింది. 2020 జూన్‌లో నిషేధంతో టిక్‌టాక్ ఒక్క రాత్రిలో ఆగింది. మన భాషలకు దేశీ వేదిక అని నమ్మించిన కూ 2024 జూలైలో మూతపడింది. వీటిలో ప్రతి ఒక్కటీ ఆనాడు శాశ్వతంగా కనబడిందే.

కూడలి వంటివి కూడా నిలవలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అవి వ్యక్తులు స్వచ్ఛందంగా నడిపిన సేవలు, చాలావరకు ఆగిపోయాయి. అయినా అవి ఆగినప్పుడు వాటి వెనక ఉన్న ఫీడ్లు ఆగలేదు. ఈనాటికీ మామూలు అమరికలతో బ్లాగర్‌లో ఉన్న ప్రతి తెలుగు బ్లాగుకూ, ప్రతి వర్డ్‌ప్రెస్ సైటుకూ ఫీడ్ దానంతట అదే తయారవుతూనే ఉంది. యజమాని చేయాల్సిందేమీ లేదు. పాఠకుడు బ్లాగు చిరునామాను రీడర్‌లో అతికిస్తే ఫీడ్‌ను అదే వెతుక్కుంటుంది. రేపు ఎవరికైనా మరో కూడలి కట్టాలని బుద్ధి పుడితే ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఫేస్‌బుక్‌లోని తెలుగు రాతలన్నిటినీ అలా ఒకచోట చేర్చి చూపించడం బయటివాళ్లకు సాధ్యమా? ఆ తలుపు లోపలివైపు గడియ వేసి ఉంది.

పేజీని ఫాలో అయితే చందా కట్టినట్టే కదా అన్నది ఇంకో వాదన. కాదు. 2016లో ట్విట్టర్ సమయం వరుసను పక్కకు నెట్టి, తనకు తోచిన వరుసను ముందుకు తెచ్చింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడులో పత్రికలు, పేజీల రాతలను తగ్గించి, మిత్రుల పోస్టులకు పెద్ద పీట వేస్తామని బహిరంగంగానే ప్రకటించింది. ఫాలో అయినవాడు తన ఇష్టాన్ని చెప్పుకుంటున్నాడే తప్ప హామీ పొందడం లేదు. దీనివల్ల ఎక్కువ నష్టపోయేది అరుదుగా రాసేవాళ్లు. 1998 నుంచి నడుస్తున్న ఈమాట నెలకోసారి వస్తుంది. పుస్తకం.నెట్‌లో ఒక మంచి సమీక్ష ఏ వారమో పడుతుంది. శాసనాల మీద, జానపద కథల మీద పనిచేసే పరిశోధకుడు ఏడాదికి నాలుగు వ్యాసాలు రాస్తే గొప్ప. రోజుకు పదిసార్లు పలకరించే పేజీలతో వీళ్లు ఆ లెక్కల్లో పోటీ పడలేరు. ఫీడ్ రీడర్ మాత్రం ఎనిమిది నెలలు మౌనంగా ఉన్న బ్లాగును కూడా మరిచిపోదు. తొమ్మిదో నెలలో ఒక్క వ్యాసం పడితే దాన్ని పైన పెడుతుంది.

సాహిత్యం సంగతి పక్కన పెట్టి, బతుకుతెరువుకూ ప్రాణానికీ సంబంధించిన కబుర్ల దగ్గరికి వద్దాం. 2025 ఆగస్టు చివర్లో మన కామారెడ్డి జిల్లా మీద పడిన వాన అందరికీ గుర్తుంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్లు తెగాయి, రైళ్లు ఆగాయి. అలాంటి రోజున అదే జిల్లాలోని రామారెడ్డిలో ఉన్న మనిషికి కావలసింది మూడు సంగతులు: హెచ్చరిక ఎప్పుడు ఇచ్చారు, ఎంతసేపటి వరకు వర్తిస్తుంది, ఏ ప్రాంతానికి. ఫార్వర్డ్ అయిన వీడియోలో ఈ మూడూ ఉండవు. ఏ చెరువు కట్టో, ఏ ఏటి వరదో పోల్చుకోవడమే కష్టం. ఫేస్‌బుక్‌లో నిన్నటి హెచ్చరిక ఇవాళ పైకి తేలవచ్చు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ పోర్టల్ ఇచ్చే హెచ్చరికలు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే పద్ధతిలో ఉంటాయి. జారీ చేసిన సమయం, గడువు ముగిసే సమయం, ప్రాంతం, తీవ్రత దేనికది విడిగా రాసి ఉంటాయి. వాటిని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌గా కూడా లోకానికి అందిస్తోంది. కాలం చెల్లిందంటున్న పద్ధతిని దేశం తన విపత్తు హెచ్చరికలకూ వాడుతోంది. రిజర్వు బ్యాంకు తన ప్రకటనలకు, పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) తన విడుదలలకు ఫీడ్లు ఇస్తున్నాయి. నకిలీ ఉద్యోగ ప్రకటన ఒకటి గ్రూపుల్లో తిరగడం, అది అబద్ధమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఖండించడం మామూలైపోయింది. అసలు కార్యాలయం సైటు నుంచే నేరుగా వచ్చే పట్టికలో మధ్యవాడి చెయ్యి పడే సందు లేదు.

వాట్సాప్ ఛానళ్లు ఉన్నాయి కదా, అవి వరుస తప్పకుండా అన్నీ చూపిస్తాయి కదా అనే అభ్యంతరం మిగతావాటికన్నా బలమైనది. 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన ఆ ఛానళ్లు నిజంగానే ఫీడ్‌కు దగ్గరగా ఉన్నాయి. వాటి ఆదరణే నా వాదనకు బలం. జనం కోరుకున్నది ఫీడ్ చేసే పనినే. తేడా ఏమిటంటే ఆ పట్టిక ఒకే యాప్‌లో బందీ. దాన్ని మూటగట్టి మరో చోటికి తీసుకుపోలేం. ఒకప్పుడు మనం ఇష్టపడిన వేదికలు ఏమయ్యాయో పైన చూశాం. ఇక ఫీడ్ రీడర్‌లో చదవనివి గుట్టలుగా పేరుకుపోతాయన్న ఫిర్యాదు ఉంది. రోజుకు రెండు వందల వార్తలు వేసే పత్రిక ఫీడ్‌ను అందులో చేరిస్తే పేరుకోక తప్పదు. అలాంటివాటికి వార్తల యాప్ చాలు. తక్కువగా వచ్చేవి, తప్పిపోతే నష్టం కలిగేవి మాత్రమే రీడర్‌లో ఉండాలి. మనం ఎంచుకున్నవే చదువుతూ బావిలో కప్పలమవుతామన్న మాటకు నా జవాబు ఒక్కటే: మనం కట్టుకున్న బావి లోతు మనకు తెలుసు, కావాలంటే రేపే గట్టు దాటవచ్చు. కంపెనీ లెక్కలు కట్టిన బావికి గట్టు ఎక్కడుందో కనబడదు.

సోషల్ మీడియా వద్దని నేను అనడం లేదు. వాదించుకోవడానికి, ఆపదలో పదిమందిని పిలవడానికి, కొత్త మనుషులు పరిచయం కావడానికి దాన్ని మించింది లేదు. వరద రోజుల్లో తిండి, పడవలు, రక్తం కావాలని అడగడానికి గ్రూపులే పనికొస్తాయి. నేను కాదనేది, ఆ ఒక్కటే చాలన్న మాటను. ఊళ్లో ప్రతి ఒక్కరూ ఫీడ్ రీడర్ పెట్టుకోవాలనీ లేదు. రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారి, బడిలో ఒక టీచరు, గ్రంథాలయంలో ఒక యువకుడు అసలు మూలాలను వరుసగా చదివితే, గ్రూపుల్లోకి వెళ్లే కబురు శుభ్రపడుతుంది. హర్షణీయం వంటి తెలుగు పాడ్‌కాస్టులు వినే శ్రోతలకు ఎపిసోడ్లు యాప్‌లోకి వస్తున్నది ఆర్‌ఎస్‌ఎస్ దారినే. యూట్యూబ్ కూడా ప్రతి ఛానలుకూ ఫీడ్ ఇస్తూనే ఉంది.

కాబట్టి తెలుగులో రాసేవాళ్లకు నా విన్నపం: ఫేస్‌బుక్‌లో రాయండి, కానీ అసలు ప్రతిని మీ సొంత బ్లాగులో పెట్టండి. ఫీడ్‌లో రెండు పంక్తులతో సరిపెట్టకుండా వ్యాసం మొత్తం ఇవ్వండి. కలెక్టరేట్లు, మున్సిపాలిటీలు, విశ్వవిద్యాలయాలు తమ ప్రకటనలకు ఫీడ్ ఇచ్చి, దాని గుర్తును మొదటి పేజీలో కనబడేలా పెట్టాలి. పాఠకులు ఉచిత ఫీడ్ రీడర్ ఒకటి ఫోనులో పెట్టుకుని, వదులుకోలేని సైట్లు నాలుగైదు అందులో చేర్చుకుని నెల రోజులు చూడండి. ఆ నాలుగింటి నుంచి మీకు ఇన్నాళ్లూ చేరనివి ఎన్నో అప్పుడు మీరే లెక్క చెప్పండి.